దూడలకు అచ్చు వేసే రోజు: రాంచ్‌కి మొదటిసారి సాయానికి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

అమెరికాలో బోజ్‌మన్‌లోనో లారమీలోనో చదువుకుంటున్నవారికి, డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్నవారికి వసంతం రాగానే ఒక్కోసారి ఒక పిలుపు వస్తుంది. ‘శనివారం మా వాళ్ల రాంచ్‌లో బ్రాండింగ్, వస్తావా?’ అని తోటి విద్యార్థి అడుగుతారు, లేదా ఆఫీసులో పక్క సీటాయన అడుగుతారు. రాంచ్ అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రం, బ్రాండింగ్ అంటే యజమాని గుర్తును కాల్చిన కడ్డీతో దూడ ఒంటి మీద అచ్చు వేయడం. దీన్ని పిక్నిక్ పిలుపు అనుకోకండి. మన ఊళ్లలో నాట్లకు ఒకరింటికి ఒకరు బదులు వెళ్లినట్టే అక్కడ ఇరుగుపొరుగు రాంచ్‌లవాళ్లు దూడలకు అచ్చు వేసే పనికి ఒకరికొకరు వెళ్తారు. కూలి ఉండదు. మధ్యాహ్నం భోజనం ఉంటుంది, రేపు వాళ్లింట్లో పని పడితే వీళ్లు వెళ్లాలన్న లెక్క ఉంటుంది. మిమ్మల్ని పిలిచారంటే ఆ లెక్కలో మీకూ ఒక చోటు ఇచ్చారన్నమాట.

కొత్తవాళ్లకు మొదట దొరికేది దూడను నేల మీద పట్టి ఉంచే పని. పైకి మోటుపనిలా కనిపిస్తుంది గానీ మిగతా పనులన్నీ దీని మీదే నిలబడతాయి. దూడ కదలకపోతే అచ్చు ఒక్కసారికే స్పష్టంగా పడుతుంది, టీకా సూది సరిగ్గా దిగుతుంది, విత్తులు తీసే కత్తి తప్పుగా తెగదు, దూడ నిమిషం లోపే తల్లి దగ్గరికి పోతుంది. పట్టు జారితే కడ్డీ జారుతుంది. ఆ జారిన మచ్చ ఆ పశువు బతికినంతకాలం దాని ఒంటి మీద ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం పట్టు గురించే.

అచ్చు ఎందుకు వేస్తారు, ఎలా చదవాలి

తెలుగులో ‘అచ్చోసిన ఆంబోతు’ అంటే దేవుడి పేర వాత పెట్టి వదిలేసినది, ఎవరి పొలంలో పడినా అడిగేవాడు లేనిది. అమెరికా పడమటి రాష్ట్రాల్లో అచ్చుకి సరిగ్గా ఎదురు అర్థం. ఈ పశువుకి యజమాని ఉన్నాడని, అతనెవరో అది చెబుతుంది. వేసవిలో పశువుల్ని కొండల మీద కంచెలు పెద్దగా లేని మేతబీళ్లకు తోలతారు. అక్కడ నాలుగైదు కుటుంబాల మందలు కలిసిపోతాయి. చెవి ట్యాగు ముళ్లపొదకు తగిలి ఊడిపోవచ్చు, ఎవరైనా కోసేయవచ్చు. మన దగ్గర పశువులకు వేసే 12 అంకెల పసుపు ట్యాగుకి ఉన్న ఇబ్బందే దానికీ ఉంది. ఒంటి మీద పడిన అచ్చు మాత్రం పోదు.

మోంటానాలో ఈ గుర్తుల్ని రాష్ట్ర పశుసంపద శాఖ నమోదు చేస్తుంది. 10 ఏళ్లకోసారి మళ్లీ నమోదు చేయించుకోవాలి. టెక్సస్‌లో ఆ పని కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులో జరుగుతుంది. నమోదులో గుర్తు ఒక్కటే రాయరు, ఒంటి మీద ఎక్కడ వేయాలో కూడా రాస్తారు. ఒకే గుర్తు ఎడమ తుంటి మీద ఉంటే ఒకరిది, కుడి డొక్క మీద ఉంటే ఇంకొకరిది కావచ్చు. కాబట్టి దూడను తప్పు పక్కకు పడుకోబెట్టి అచ్చు వేయిస్తే అది చట్టప్రకారం మరొకరి గుర్తు అయిపోయే ప్రమాదం ఉంది. దొడ్డిలో అడుగుపెట్టగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: ‘అచ్చు ఏ పక్క, ఎక్కడ?’

చదవడం పెద్ద కష్టం కాదు. ఎడమ నుంచి కుడికి, పైనుంచి కిందికి చదవాలి. ఒకదానిలో ఒకటి ఉంటే బయటిది ముందు. అక్షరం పక్కకు పడుకుని ఉంటే ‘లేజీ’, కింద ఉయ్యాల బల్లలాంటి వంపు ఉంటే ‘రాకింగ్’, రెక్కలుంటే ‘ఫ్లయింగ్’, అడ్డగీత ‘బార్’.

వెళ్లేముందు

జీన్స్, పొడుగు చేతుల నూలు చొక్కా, మడమ ఉన్న తోలు బూట్లు, తోలు చేతితొడుగులు, టోపీ ఉండాలి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు. నిప్పురవ్వ పడితే అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసేయండి. తాడు ఉంగరానికి చిక్కితే వేలు పోతుంది. చున్నీ, స్కార్ఫ్ మెడలో ఉండకూడదు, జడ ముడి వేసుకోవాలి. ధనుర్వాతం టీకా వేయించుకుని పదేళ్లు దాటితే వెళ్లేలోపే వేయించుకోండి. పేడ, రక్తం, మట్టి, తుప్పు అన్నీ ఒక్కచోట ఉండే పని ఇది.

రెండు విషయాలు ముందే చెప్పాలి. భోజనంలో గొడ్డుమాంసం ఉండడం ఖాయం. మీరు తినకపోతే రెండు రోజుల ముందు చెబితే ఆ ఇంటావిడ ఏదో ఒక ఏర్పాటు చేస్తుంది. ఆమె వడ్డించే వేళకు చెబితే ఆమెకు ఇబ్బంది, మీకూ ఇబ్బంది. రెండోది, వాత పెట్టడం, విత్తులు తీయడం చూడలేననిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. లెక్క రాయడం, టీకా సీసాలు అందించడం, గేటు కాయడం, ఇవన్నీ అక్కరకొచ్చే పనులే. దూడ మీద మోకాలు పెట్టాక మనసు మార్చుకోవడం మాత్రం అందరికీ ప్రమాదం.

మర్యాదలు కొన్ని ఉన్నాయి. ‘మీకెన్ని ఆవులున్నాయి?’ అని అడగకండి. బ్యాంకులో ఎంత డబ్బుందని అడిగినట్టే ఉంటుంది. గేటు తెరిచి ఉంటే తెరిచే వదలండి, మూసి ఉంటే దాటాక మూయండి. మీ కుక్కను తీసుకెళ్లకండి. ఫొటో తీసేముందు అడగండి. గుర్రం మీద నుంచి ఉచ్చు వేసే పని ఎవరికివ్వాలో యజమాని నిర్ణయం, అది గౌరవంగా ఇచ్చే పని. ఇమ్మని అడగకూడదు.

పొద్దున: తల్లుల్ని వేరు చేయడం

పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఎండెక్కితే దూడలు ఒగరుస్తాయి, వేడికి సొమ్మసిల్లుతాయి. మందను దొడ్డిలోకి తోలి, గేటు దగ్గర తల్లుల్ని బయటికి వదిలి దూడల్ని లోపల ఆపుతారు. ఆ అరుపులకు పక్కవాడి మాట వినబడదు. కొత్తవాళ్లకు ఇక్కడ ఒక్కటే సూత్రం: పశువు భుజానికి వెనకగా నిలబడి దగ్గరికి వెళ్తే అది ముందుకు కదులుతుంది, భుజానికి ముందుగా వెళ్తే ఆగుతుంది లేదా వెనక్కి తిరుగుతుంది. కేకలు, చేతులు ఊపడం అక్కర్లేదు. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కి వేస్తే చాలు. తల్లికీ దూడకీ మధ్యలో నిలబడకండి. సాధువైన ఆవు కూడా ఆ క్షణంలో సాధువుగా ఉండదు.

రాత్రి వాన పడి దూడల ఒళ్లు తడిగా ఉంటే ఆరేదాకా ఆగుతారు, లేదా పని వాయిదా వేస్తారు. తడి వెంట్రుకల మీద కాలిన కడ్డీ పెడితే నీరు ఆవిరై గీతకు రెండు పక్కలా చర్మాన్ని ఉడికించేస్తుంది. గుర్తు అలుక్కుపోతుంది, పుండు పెద్దదవుతుంది. వంద మైళ్ల నుంచి వచ్చిన చుట్టాలు ఎదురుచూస్తున్నా మంచి యజమాని ఈ విషయంలో తొందరపడడు.

పట్టు

గుర్రం మీది మనిషి దూడ వెనక కాళ్లకు ఉచ్చు వేసి, తాడును జీను ముందున్న కొమ్ముకు చుట్టి, దూడను నెమ్మదిగా నిప్పు దగ్గరికి లాక్కొస్తాడు. ఆ చుట్టడాన్ని ‘డాలీ’ అంటారు. అక్కణ్నుంచి ఇద్దరి పని మొదలవుతుంది.

1. దూడ వెన్ను వైపు నుంచే దగ్గరికి వెళ్లండి. కాళ్ల వైపు నుంచి వెళ్తే తన్ను మోకాలికే తగులుతుంది. బిగిసిన తాడును దాటకండి, దాని కింద నుంచి దూరకండి, నేల మీది తాడు చుట్టలో కాలు పెట్టకండి, తాడును చేతికి చుట్టుకోకండి. గుర్రం వెనకగా అసలే వెళ్లకండి.

2. దూడ నిలబడి ఉంటే ఒకరు కాళ్ల దగ్గర తాడు పట్టుకోవాలి, రెండోవారు తోక మొదలు దగ్గర పట్టుకోవాలి. ఇద్దరూ దూడకు చెరో పక్కన నిలబడి ఒక్కసారిగా ఎవరివైపు వారు లాగాలి. కాళ్లు తాడు మనిషి వైపు పోతాయి, ఒళ్లు తోక మనిషి వైపు ఒరుగుతుంది. తోక పట్టినవారు ఏ పక్కన ఉంటే దూడ ఆ పక్కకే నేలకు ఆనుతుంది. అచ్చు ఎడమ పక్క పడాలంటే తోక మనిషి దూడకు కుడిపక్కన ఉండాలి. ఇది కొత్తవాళ్లు తరచూ తారుమారు చేసే చోటు. లాగేముందు ‘ఎడమ పైకి’ అని ఒకరికొకరు గట్టిగా చెప్పుకోండి.

3. ఇద్దరిలో దూడ ముందు భాగం పట్టే మనిషి వెంటనే వెన్ను వైపున మోకాళ్ల మీద కూర్చుని, ఒక మోకాలు చెవి వెనక మెడ కండ మీద ఆనించాలి. గొంతు మీద ఆనిస్తే ఊపిరాడదు, డొక్క మీద వద్దు. పైనున్న ముందుకాలిని మోకాలి దగ్గర మడిచి వెనక్కి లాగి పట్టుకోవాలి. ఆ కాలు తిన్నగా ఉంటే దూడ దాన్ని నేలకు తన్ని లేస్తుంది. మడిచి ఉంటే దానికి ఆధారం దొరకదు. బలంకంటే ఈ మడతే ముఖ్యం. 50 కిలోల మనిషి 90 కిలోల దూడను ఆపేది దీనితోనే.

4. వెనక భాగం పట్టే మనిషి దూడ పిర్రల వెనక నేల మీద కూర్చోవాలి. కింది వెనక కాలికి, మడత కీలుకు కాస్త పైన, బూటు అరికాలు ఆనించి ముందుకు తోసి పట్టాలి. పైకాలిని రెండు చేతులతో పట్టుకుని తన ఒళ్లోకి వెనక్కి చాచి లాగాలి. చేతులు వదులైతే ఆ గిట్ట వచ్చేది సూటిగా ముఖానికే. మోచేతులు ఒంటికి ఆనించుకుని వెనక్కి వాలితే వీపు బలమంతా పట్టుకు వస్తుంది.

5. ఇద్దరి పట్టూ కుదిరాకే తాడు వదులు చేయమని గుర్రం మీది మనిషికి చెప్పాలి. ఉచ్చు తీసి దూరంగా విసిరేయండి. అక్కడి నుంచి వదిలేదాకా మాటలు, ఫోను, పక్కచూపు వద్దు.

చిన్న రాంచ్‌లలో గుర్రాలు, తాళ్లు లేకుండా ‘కాఫ్ టేబుల్’ వాడతారు. అది దూడను రెండు పక్కలా బిగించి ఒరగబెట్టే ఇనుప చట్రం. అక్కడ మీ పని దూడల్ని సందులోకి తోలడమే. మీటల దగ్గరికి వేళ్లు పోనీయకండి.

కడ్డీ

అచ్చు కడ్డీ సాధారణంగా యజమాని చేతిలోనో ఆ ఇంటి పెద్దాయన చేతిలోనో ఉంటుంది. మీకిస్తే అది నమ్మకం, కానీ మొదటి రోజే ఇస్తారని అనుకోవద్దు. అయినా దూడను పట్టుకున్నవారికి ఇదంతా తెలిసి ఉండాలి, ఎందుకంటే కడ్డీ వచ్చేది మీ చేతుల మధ్యకే.

దూడల కడ్డీ గుర్తు ఎత్తు 3, 4 అంగుళాలుంటుంది. చర్మానికి ఆనే అంచు వెడల్పు అంగుళంలో మూడెనిమిదో వంతు, అంటే దాదాపు ఒక సెంటీమీటరు. అంచు పదునుగా సన్నగా ఉంటే చర్మాన్ని కోస్తుంది. గీతలు కలిసే మూలల్లో వేడి పోగవుతుంది కనుక అక్కడ చిన్న ఖాళీ వదులుతారు. ఆ ఖాళీ లేకపోతే మూల అంతా ముద్దలా కాలుతుంది. దూడతోపాటు గుర్తూ పెరుగుతుంది. ఈ రోజు చిన్నగా కనిపించే చెరుపు పశువు ఎదిగేసరికి పెద్దదవుతుంది.

వేడి రంగులో తెలుస్తుంది. నల్లగా ఉంటే చాలలేదు. అలా పెడితే ఎక్కువసేపు ఆనించాలి, దూడ కదులుతుంది, గుర్తు సగమే పడుతుంది. ఎర్రగా ఉంటే మరీ ఎక్కువ. వెంట్రుకలు భగ్గున అంటుకుని గీత బయట కూడా కాలుతుంది. కావలసింది బూడిద రంగు, కట్టె కాలి మిగిలిన బూడిదలా. గ్యాసు బర్నరైనా కట్టెల నిప్పయినా కడ్డీలు ముందే పెట్టి, రెండు మూడింటిని మార్చి మార్చి వాడతారు. ఒకటి వరసగా వాడితే చల్లారిపోతుంది.

ముందు దూడ చర్మం మీద మట్టి, పేడ దులుపుతారు. కడ్డీ తలకిందులుగా లేదని చూసుకుంటారు. దూడ పడుకుని ఉంది కాబట్టి, లేచి నిలబడ్డాక గుర్తు ఎలా కనిపిస్తుందో ఊహించుకుని పెట్టాలి. తర్వాత గట్టిగా, సమంగా ఆనించి మణికట్టును కొద్దిగా అటూఇటూ ఊపుతారు, గుర్తు అంచులన్నీ చర్మానికి తగిలేలా. జరపకూడదు. 3 నుంచి 5 సెకన్లు చాలు. ఆనించగానే పసుపు పచ్చని పొగ దట్టంగా లేస్తుంది, వెంట్రుకలు కాలిన వాసన గొంతులో పడుతుంది, దూడ ఒళ్లంతా ఒక్కసారి బిగుస్తుంది, అరుస్తుంది. మీ పట్టు అసలు పరీక్షకు వచ్చేది ఇప్పుడే. ఊపిరి బిగబట్టి, ముఖం గాలికి ఎదురుగా తిప్పి, చేతులు మాత్రం అలాగే ఉంచండి. కడ్డీ తీశాక గీత కొత్త తోలు చెప్పు రంగులో ఉంటే సరిగ్గా పడినట్టు. ఇంకా వెంట్రుకలు, నల్లమసి కనిపిస్తే చాలలేదు. తెల్లగా, పచ్చిగా కనిపిస్తే ఎక్కువ కాలింది. చాలని చోట అదే గీత మీద అదే కొలతలో మళ్లీ పెట్టాలి. ఒక వెంట్రుకవాసి తప్పినా రెండు గుర్తులు పడి చదవడానికి వీలుకాకుండా పోతుంది. అలాంటప్పుడు వదిలేయమనే యజమానులే తెలివైనవారు.

ఇది దూడకు నొప్పి, అందులో సందేహం లేదు. ఇప్పుడు చాలామంది పశువైద్యుడి చీటీతో మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు ఇస్తున్నారు. అడిగి ఇప్పించుకోవడానికి మీరు వెనకాడాల్సిన పనిలేదు, మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టరు. కొందరు అదే పనికి ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన కడ్డీ వాడతారు. అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. కానీ దానికి వెంట్రుకలు కత్తిరించాలి, చాలా ఎక్కువసేపు ఆనించాలి. వందల దూడలున్న రోజున అది కుదరదు.

సూదులు

సాధారణంగా రెండు టీకాలుంటాయి. ఒకటి ‘సెవెన్-వే’, క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవుల రోగాలకు. మన రైతులు జబ్బవాపు అనేది వీటిలో ఒకటే. రెండోది శ్వాసకోశ వైరస్‌లకు. చాలా రకాల్లో మోతాదు 2 మిల్లీలీటర్లే. అయినా సీసా మీద రాసిందే వేదం.

సూది మెడ మీదే, భుజానికి ముందు. తొడలో, పిర్రలో వేయరు. అక్కడ మచ్చపడితే ఖరీదైన మాంసం చెడుతుంది. చర్మం కిందికే మందు పోవాలి కాబట్టి చిటికెడు చర్మాన్ని పైకి లాగి, దాని కింద ఖాళీలోకి గుచ్చాలి. 16 లేదా 18 గేజ్, అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం పొడవు సూది. 10, 15 దూడలకోసారి మార్చాలి. వంగితే పారేయాలి, తిన్నగా చేసి మళ్లీ గుచ్చకూడదు, విరిగి ఒంట్లోనే ఉండిపోతుంది. సజీవ వైరస్ టీకా పొడిని దానితోపాటు వచ్చే ద్రావణంతో కలిపాక గంటలోపు వాడేయాలి, కాబట్టి ఒక్కసారికి ఒక సీసాయే కలపండి. సీసాలూ టీకా వేసే తుపాకీలాంటి పిచికారీలూ ఐసున్న పెట్టెలో నీడన ఉండాలి. ఎండలో ముప్పావుగంట పడి ఉన్న టీకా వేసినా వేయనట్టే. పొరపాటున సూది మనిషికి గుచ్చుకుంటే దాచకండి, ఏ మందో సీసాతో సహా చూపించండి. దొడ్డి ట్రక్కులో టిల్మికోసిన్ సీసా ఉంటే దాన్ని ముట్టకండి. ఆ యాంటీబయాటిక్ మనిషి ఒంట్లోకి పోతే ప్రాణాలకే ముప్పు.

సూది వేసిన ప్రతి దూడకు రంగు సుద్దతో వీపు మీద గీత పెడతారు. మధ్యలో ఒక దూడ తప్పిపోయినా, ఒకదానికి రెండుసార్లు పడినా తెలిసేది ఆ గీతతోనే. కొత్తవాళ్లకు సుద్ద చేతికిస్తే చిన్నపని అనుకోకండి.

విత్తులు తీయడం

కోడెదూడలకు తిత్తి కింది మూడోవంతు కోసి రెండు విత్తులూ లాగి తీస్తారు. కింద తెరిచి ఉంచడం ఎందుకంటే చీము, రక్తం నిలవకుండా కారిపోవాలి. కుట్లు వేయరు. కొందరు పుట్టిన కొత్తలోనే రబ్బరు పట్టీ వేసేస్తారు. మొదటి రోజు మీరు దీన్ని చూడటమే మంచిది. చూసేటప్పుడు గమనించాల్సింది, కోసేముందు రెండు విత్తులూ కిందికి దిగాయా అని తడిమి చూడటం. ఒక్కటే దొరికితే కత్తి పక్కన పెట్టి, దూడకు గుర్తు పెట్టి యజమానికి చెప్పాలి. ఒకటి తీసి ఒకటి లోపల వదిలేస్తే అది ఎద్దూ కాదు, కోడె కూడా కాదు. పెరిగాక మందలో పోట్లాడుతుంది, అమ్మకంలో ధర పడిపోతుంది. తీసినవి ఒక బకెట్లో వేస్తారు. సాయంత్రం జతలు లెక్కపెడితే ఎన్ని కోడెదూడలో తేలుతుంది. ఆ లెక్కకు పెయ్యదూడల సంఖ్య కలిపి మొత్తం సరిచూస్తారు. అవే శుభ్రం చేసి వేయించి తింటారు, పేరు ‘రాకీ మౌంటెన్ ఆయిస్టర్లు’.

వదలడం

అన్ని పనులూ అయ్యాక ఎవరో ఒకరు ‘అయింది’ అంటారు. కడ్డీ, సూది, కత్తి మూడూ దూరం జరిగాయని కళ్లారా చూశాకే, ఇద్దరూ ఒకే మాట మీద ఒకేసారి వదలాలి. ఒకరు ముందు వదిలితే రెండోవారు తన్ను తింటారు. దూడ లేచి పారిపోయే దారిలో ఎవరూ లేకుండా చూసుకోండి. లేచిన దూడ నాలుగడుగులు వేసి తల విదిలిస్తుంది, తర్వాత గుంపులో కలిసిపోతుంది.

దూడలన్నీ అయ్యాక గేటు తెరిచి తల్లుల్ని లోపలికి వదులుతారు. వెంటనే మందను తోలేయరు. తల్లి ఒక్కో దూడనూ వాసన చూసి వెతుక్కుంటుంది. కాలిన వాసన, రక్తం వాసన కలిసి ఉండటంతో దానికి కాస్త సమయం పడుతుంది. గంట, గంటన్నర నీడన కూర్చుని చూడండి. పాలు కుడుస్తున్న దూడను వదిలేసి, పక్కన ఒంటరిగా నిలబడ్డదాన్నీ, కింద రక్తం ఆగకుండా కారుతున్నదాన్నీ, పడుకుని లేవనిదాన్నీ వెతకండి. కనిపిస్తే చెవి ట్యాగు నంబరు చూసి యజమానికి చెప్పండి. దూడ కోసం దొడ్డి చుట్టూ తిరుగుతూ అరుస్తున్న ఆవు ఉంటే దాని నంబరు కూడా. భోజనానికి పిలిచేలోపు ఆ రెండు నంబర్లూ ఆయన చేతిలో ఉండాలి.